ముందు అరుగు మారండి

మా శనివారం స్త్రీల కూడికలో ఆ మధ్య ఒక కొత్త కోడలు అడిగింది. "అమ్మగారూ, అసూయ పడకూడదని వాక్యంలో ఉంది, సరే. పడకుండా ఎలా ఉండాలో కూడా చెప్పండి. తప్పని తెలిసీ పడుతున్నాను కదా!" నేను ఏం చెప్పాలో తోచక "ప్రార్థన చేసుకో తల్లీ" అని తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ జవాబు నాకు తెలుసు. మూడున్నర లక్షల అప్పు తీర్చి మరీ నేర్చుకున్నాను. ఆ పిల్ల కోసం, ఇంకా అలా అడగాలనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నాకు 57 ఏళ్ళు. మా ఊరు నర్సాపురానికీ పాలకొల్లుకీ మధ్యలో, కాలువ గట్టు పక్కన. పెళ్ళైన దగ్గర్నుంచీ లేసు అల్లుతున్నాను. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లిన సరుకు తీసుకుని డబ్బులిస్తాడు. మధ్యాహ్నం వంటా గిన్నెలూ అయ్యాక మా వీధి ఆడవాళ్ళం ఐదారుగురం ఒకే అరుగు మీద చేరి అల్లుకుంటాం. ఆ అరుగు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

బైబిల్లో సామెతలు 24:1 చూడండి. "దుర్జనులను చూచి మత్సరపడకుము, వారి సహవాసము కోరకుము." చాలా ఏళ్ళు నేను దీన్ని రెండు బుద్ధి మాటలుగా చదువుకున్నాను. అసూయ వద్దు అనేది ఒకటి, చెడు స్నేహం వద్దు అనేది ఇంకొకటి. అవి రెండూ ఒకే వచనంలో ఎందుకున్నాయో ఆలోచించలేదు. ఎవర్ని చూసి కుళ్ళుకుంటామో వాళ్ళ పక్కన కూర్చోవాలని మనసు లాగుతుంది. ఎవరి పక్కన కూర్చుంటామో వాళ్ళ కళ్ళతోనే లోకాన్ని చూడటం మొదలుపెడతాం. ఒంటరిగా కూర్చుని ఎంతసేపని కుళ్ళుకుంటాం? కాసేపటికి పొయ్యి మీద కూర గుర్తొస్తుంది. పక్కన "అవునొదినా, నువ్వన్నది నిజమే" అనే మనిషి ఉంటేనే అది రోజుల తరబడి ఉంటుంది. అందుకే నేను చెప్పే పద్ధతిలో మనసు సంగతి తర్వాత. ముందు కూర్చునే చోటు చూసుకోవాలి.

మా ఇంట్లో జరిగింది చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2014 నాటి మాట. మా ఆయన రెండెకరాలు కౌలుకి తీసుకుని సార్వా, దాళ్వా వరి వేసేవారు. తిండికి లోటు లేదు, మిగిలేదీ లేదు. అప్పుడే మా చుట్టుపక్కల వరి చేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులవుతున్నాయి. ఒకాయన రెండు పంటలకే కారు కొన్నాడు. మా ఆయన సాయంత్రం టీ కొట్టు బల్ల మీద కూర్చుంటే అక్కడ అదే మాట. ఎవరి చెరువు ఎన్ని టన్నులు దిగింది, ఏ కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు) ఏ రేటు పలికింది అనే లెక్కలే. చెరువు పోయినవాడు ఆ బల్ల దగ్గరికి రాడు కాబట్టి పోయిన చెరువుల లెక్క అక్కడ వినపడదు.

తప్పంతా టీ కొట్టు మీదకి తోసేద్దామని నాకూ ఉంది. కానీ మధ్యాహ్నం నేను కూర్చున్న అరుగు మీదా ఇదే పని. మా తోటికోడలు కువైట్ వెళ్ళి ఇంటి పని చేసి డబ్బు పంపుతోంది, వాళ్ళ డాబాకి స్లాబు పడింది. మా అరుగు మీద ఆ డాబాని ప్రతిరోజూ కూల్చి కట్టేవాళ్ళం. "అంత డబ్బు ఊరికే వస్తుందా?" అని ఒకరు, "మనకీ ఉన్నారు మగాళ్ళు" అని ఇంకొకరు. ఆ రెండో మాట నేను ఇంటికి మోసుకొచ్చాను. రాత్రి అన్నం పెడుతూ "ఏవండీ, మనం ఎప్పటికీ ఈ రేకుల కిందేనా?" అన్నాను. టీ కొట్టు బల్లా, లేసు అరుగూ మా కంచం దగ్గర కలుసుకున్నాయి.

మర్నాడే ఆయన వరి మానేసి ఆ రెండెకరాలూ చెరువు తవ్వించే మాట మాట్లాడొచ్చారు. సీడు అనే రొయ్య పిల్లలు, మేత, నీటికి గాలి అందించే ఏరేటర్లు అన్నీ అప్పే. నలభయ్యో రోజున రొయ్య గట్టుకి రావడం మొదలెట్టింది. పట్టి చూస్తే తల మీద తెల్ల మచ్చలు. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు. హడావుడిగా వల వేసి పట్టుబడి చేస్తే 150 కౌంటు, అంటే మరీ చిన్న రొయ్య. దానికొచ్చిన డబ్బు మేత బాకీకి కూడా చాలలేదు. నా నల్లపూసల గొలుసు, అమ్మాయి చెవి దిద్దులు, తర్వాత ఐదేళ్ళ కూలి అన్నీ ఆ చెరువులో కలిసిపోయాయి.

రొయ్యల చెరువు చెడ్డదని నేను అనడం లేదు. దాని మీద బాగుపడిన వాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. పని తెలిసి, చేతిలో పెట్టుబడి ఉండి, నష్టానికి సిద్ధపడి దిగినవాళ్ళు వాళ్ళు. మేం దిగింది మాత్రం పక్కవాడి కారు చూసి.

సరే, ఇక పద్ధతి.

మొదట, అది అసూయో కాదో తేల్చుకోండి. ఇది చాలామంది చేయరు. కూలీ అడిగిన ప్రతి ఆడదానికీ "అసూయ పడకమ్మా" అని చెప్పి నోరు మూయించే పెద్దమనుషులున్నారు. ఒకే డిజైను, ఒకే కొలత అల్లితే నాకు ఒక రేటు, ఇంకొకామెకి ఒక రేటు ఇచ్చాడనుకోండి. నాకు వచ్చే కోపం అసూయ కాదు, అడగాల్సిన లెక్క. యాకోబు పత్రిక 5:4లో "బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని ఉంది, కూలి అడిగినవాళ్ళని దేవుడు అక్కడ తప్పు పట్టలేదు. నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చినప్పుడు "మన చేతికి ఎంత పెరుగుతుంది?" అని మేం అడిగాం. అది న్యాయమైన ప్రశ్నే.

దీన్ని తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అవతలి మనిషికి ఉన్నది పోతే నాకు ఏమైనా వస్తుందా? ఏజెంటు రేటు సరిచేస్తే నాకు వస్తుంది, కాబట్టి అది న్యాయం. మా తోటికోడలి డాబా కూలిపోతే నాకు ఒక్క ఇటుక కూడా రాదు. అయినా లోపల ఎక్కడో చల్లగా ఉంటుందంటే అది అసూయ.

మత్తయి 20లో ద్రాక్షతోట కూలీలు ఈ పరీక్షలోనే తప్పారు. వేకువనే వచ్చినవాళ్ళు రోజుకి ఒక దేనారానికి ఒప్పుకున్నారు. సాయంత్రం అదే చేతిలో పెట్టారు. మోసమేమీ లేదు. చివరి గంటకి వచ్చినవాళ్ళకీ అంతే ఇవ్వడం కళ్ళతో చూశారు కాబట్టి సణిగారు. యజమాని అడిగిన మాట మన తెలుగు బైబిల్లో ఎంత బాగా పడిందో చూడండి: "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" ఆ మాట చదివినప్పుడల్లా మా వీధిలో ఎవరో అన్నట్టే ఉంటుంది నాకు. ఇంకో సంగతి, వాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్ళి అడగలేదు, వరసలో నిలబడి గుంపుగా సణిగారు. కూలి డబ్బులు పంచే చోట ఎప్పుడూ అంతే. అందుకే నేను ఏజెంటు దగ్గర డబ్బులు తీసుకున్నాక అక్కడ నిలబడను. లెక్క చూసుకుని చక్కా వచ్చేస్తాను.

అసూయే అని తేలాక పేరు రాయండి. కాగితం మీద, మీ ఒక్కరికే కనపడేలా. "లోకంలో అందరూ బాగున్నారు, నేనే ఇలా" అనేది పనికిరాదు, అది గాలి మాట. ఎవరు, వాళ్ళకున్న ఏది? నేను రాసుకున్నది "తోటికోడలు, డాబా, ముఖ్యంగా వంటింటి గట్టుకి వేసిన నల్ల రాయి". రాశాక నాకే నవ్వొచ్చింది. ఇంత పెద్ద కుళ్ళు ఒక రాతి పలక కోసమా! సామెతలు 14:30లో "మత్సరము ఎముకలకు కుళ్లు" అన్నాడు. మనం మామూలుగా అనే కుళ్ళుబోతుతనమే అది.

ఆ కాగితం వెనక వైపు ఒక వారం పాటు ఇంకో లెక్క రాయండి. ఆ మంట లేచిన ప్రతిసారీ అంతకు ముందు ఎక్కడున్నాను, ఎవరితో ఉన్నాను? నా కాగితం మీద ఏడు రోజుల్లో ఐదుసార్లు "అరుగు" అని వచ్చింది. ఒకసారి "పెళ్ళి భోజనం". ఒకసారి "ఫోన్లో వాట్సాప్ స్టేటస్". ఫోను కూడా ఒక అరుగే, పైగా రాత్రి పదకొండింటికి కూడా దాని మీద జనం కూర్చునే ఉంటారు. దానికి పెద్ద వైద్యం అక్కర్లేదు. ఎవరి స్టేటస్ చూస్తే నిద్ర పట్టదో వాళ్ళది మ్యూట్ చేయండి, వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

మనుషుల్ని మ్యూట్ చేయలేం. అసలు కష్టం అక్కడే ఉంది. లేసు అరుగు నా జీవనాధారం. తోటివాళ్ళతో కూర్చోకపోతే కొత్త డిజైను ఎవరు చూపిస్తారు? దారం అయిపోతే ఎవరు సర్దుతారు? ఇలా మానలేని సహవాసం అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. మొదటి కీర్తన నాకు ఇక్కడ దారి చూపించింది. "దుష్టుల ఆలోచనచొప్పున నడువక, పాపుల మార్గమున నిలువక, అపహాసకులు కూర్చుండు చోటను కూర్చుండక." నడవడం, నిలబడటం, కూర్చోవడం. మనిషి దిగజారే మెట్లు ఇవి అని ప్రసంగాల్లో చెబుతారు. నేను దాన్ని తిప్పి వాడుకున్నాను. కూర్చున్నదాన్ని ఒక్కసారి లేచి పారిపోలేను, కనీసం నిలబడగలను. నిలబడితే తర్వాత నడవగలను. మూడు గంటలు కూర్చునే చోట ఒక గంటే కూర్చోవడం మొదలుపెట్టాను. "మనవడికి స్కూలు బస్సు వచ్చే టైమైంది వదినా" అని లేచేదాన్ని. అబద్ధం కాదు, బస్సు వచ్చేది, కాకపోతే నేను కాస్త ముందే లేచేదాన్ని. తర్వాత చోటు మార్చాను. పుల్ల విరుపు మాటలు మొదలుపెట్టే ఆమె పక్కన కాకుండా, చెవుడున్న మామ్మగారి పక్కన. మామ్మగారితో మాట్లాడాలంటే గట్టిగా మాట్లాడాలి. గట్టిగా ఎవరి మీదా చాడీలు చెప్పలేం. ఇది నా కనిపెట్టుడే, వాక్యంలో లేదు.

మాట మార్చడం కూడా నేర్చుకున్నాను. "అలా అనకూడదమ్మా, పాపం" అని సన్నాయి నొక్కులు నొక్కితే నన్ను భక్తురాలని వెక్కిరిస్తారే తప్ప మానరు. దాని బదులు ఆ మనిషి చేసిన మంచి ఒకటి మధ్యలో వేస్తాను. "ఆవిడే కదా మొన్న మీ అబ్బాయికి ఆటో మాట్లాడి పెట్టింది?" అంతే. చాలాసార్లు మాట అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే ఇక ఆ రోజుకి బస్సు వచ్చేసినట్టే.

ఇంత జాగ్రత్త ఎందుకు అనేవాళ్ళు ఇశ్రాయేలు రాజు సౌలు కథ ఒకసారి చూడాలి. దావీదు పదివేలమందిని కొట్టాడని ఆడవాళ్ళు పాడిన రోజు నుంచి సౌలు అతని మీద విషపు చూపు పెట్టాడు, అది అందరికీ తెలిసిన ముక్కే. నేను చెప్పేది 1 సమూయేలు 22లో ఉంది. సౌలు గిబియాలో చెట్టు కింద ఈటె పట్టుకుని కూర్చుని, చుట్టూ ఉన్న సేవకులతో "నా కోసం బాధపడేవాడు మీలో ఒక్కడూ లేడు" అని వాపోయాడు. అసూయతో రగిలే మనిషి ఇలాంటి మాటే అంటాడు, ఎవరైనా వంత పాడాలని. అంతమందిలో పలికింది దోయేగు ఒక్కడు. నోబులో యాజకుడు దావీదుకి రొట్టెలూ కత్తీ ఇచ్చాడని చెప్పాడు. చెప్పింది చూసిన సంగతే, కానీ ఆ చెవిలో, ఆ సమయంలో చెప్పాడు. ఆ రోజు 85 మంది యాజకులు చచ్చిపోయారు. సౌలు ఆజ్ఞ మీద చంపింది కూడా ఆ దోయేగే. మన అరుగు మీద ప్రాణాలు పోవు, నిజమే. ఒక పెళ్ళి సంబంధం చెడిపోవడం, ఇద్దరన్నదమ్ములు పంట బోదె దగ్గర కొట్టుకోవడం మాత్రం చూశాను.

అదే ఇంట్లో సౌలు కొడుకు యోనాతాను ఉన్నాడు. నిజానికి అసూయ పడాల్సింది అతనే. దావీదు రాజైతే పోయేది అతని సింహాసనమే. అతనేమో తన దుప్పటి తీసి దావీదుకి ఇచ్చాడు. అందుకని సహవాసానికి మనిషిని ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటే. వేరేవాళ్ళకి జరిగిన మంచి వార్త ఒకటి ఆ మనిషి దగ్గర చెప్తాను. "ఫలానావాళ్ళ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందట." మొదటి మాట ఏమొస్తుందో వింటాను. "అమ్మయ్య, ఆ తల్లి గట్టెక్కింది" అని వస్తే ఆ ఇంటికి నేను అర్ధరాత్రి కూడా వెళ్తాను. "ఎంత పెట్టి కొన్నారో" అని వస్తే నా ఇంటి సంగతులు అక్కడ చెప్పను. మొహమాటంతో మంచి మాటలు చెప్పేవాళ్ళూ ఉంటారు కాబట్టి ఒక్కసారితో తీర్పు తీర్చకండి, మూడు నాలుగుసార్లు చూడండి.

ఇంకో గుర్తు, ఆ మనిషి దగ్గర్నుంచి ఇంటికొచ్చాక మీ ఇల్లు మీకు ఎలా కనిపిస్తోంది? కొంతమందితో గంట మాట్లాడి వస్తే మన గిన్నెలు మనకే సొట్టగా కనిపిస్తాయి. ఇంకొంతమందితో మాట్లాడొస్తే అదే రేకుల కింద కూర్చుని పచ్చడన్నం కమ్మగా తింటాం. మా వైపు వరి చేను ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పక్కన చెరువుంటే దాని ఉప్పు ఊట మన గట్టు కిందనుంచి వచ్చేస్తుంది. మనం తూము తెరవక్కర్లేదు.

మనల్ని తిట్టేవాళ్ళని మాత్రం వదులుకోకండి. "మేలును కోరి స్నేహితుడు గాయములు చేయును" అని సామెతలు 27:6. చెరువు వేయకముందు మా ఆయన మా అన్నయ్యని అడిగారు. అన్నయ్య "బావా, నీకు చెరువు పని తెలియదు, అప్పు మీద వద్దు" అని మొహం మీదే చెప్పాడు. ఈయనకి నచ్చలేదు. మళ్ళీ టీ కొట్టుకి వెళ్ళి అడిగారు. సొలొమోను కొడుకు రెహబాము రాజు కూడా అంతే చేశాడు, 1 రాజులు 12లో. పెద్దల సలహా విన్నాడు, తర్వాత తనతో పెరిగిన కుర్రాళ్ళని అడిగాడు, వాళ్ళు చెప్పింది చేశాడు, పది గోత్రాలు పోయాయి. అడగకపోవడం వల్ల చెడిపోలేదు అతను. తనకి కావాల్సిన జవాబు దొరికేదాకా అడిగాడు.

"మరి యేసు ప్రభువు పాపులతో కూర్చుని భోజనం చేయలేదా?" అని మా కూడికలోనే ఒకామె నన్ను నిలదీసింది. చేశాడు. నేనూ ఎవరింటికీ వెళ్ళడం మానలేదు. పుల్ల విరుపు మాటలావిడకి జ్వరమొస్తే గంజి పట్టుకెళ్ళింది నేనే. ఆయన వాళ్ళతో కూర్చున్నాడు కానీ ఎటు నడవాలో వాళ్ళని అడగలేదు. కీర్తనలో ఉన్నది కూడా "ఆలోచనచొప్పున నడువక" అనే. గంజి పట్టుకెళ్ళడం వేరు, ఆమె మాట పట్టుకుని అప్పు చేయడం వేరు.

చోటు మార్చాక మనసు సంగతి. కీర్తన 73 రాసిన ఆసాపు అందులో, భక్తిహీనుల క్షేమం చూసి మత్సరపడ్డానని తానే ఒప్పుకున్నాడు. "నా పాదములు జారుటకు కొంచెమే తప్పెను" అన్నాడు. వానాకాలం చేను గట్టు మీద నడిచినవాళ్ళకి ఆ మాట కాలికి తెలుస్తుంది. ఎంత ఆలోచించినా తేలలేదట, దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళేదాకా. అతనూ చోటు మారాకే కుదుటపడ్డాడు. నేను ఆదివారం మందిరంలో మా తోటికోడలి పేరు పెట్టి ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. మొదట్లో పళ్ళు బిగబట్టి చేశాను, దాచేదేముంది. "ఆమెకి ఆరోగ్యం ఇవ్వు ప్రభువా" అనేటప్పుడు కూడా నల్ల రాయి కళ్ళ ముందు కదిలేది.

పేతురు కూడా ఇంకో శిష్యుణ్ణి చూపించి "ప్రభువా, యితని సంగతి ఏమగును?" అన్నాడు. "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అని జవాబొచ్చింది. నాకు ఇదే మందు. డాబా కనిపించినప్పుడల్లా లోపల అనుకుంటాను, అది నీకేమి? కొంచెం కరుకుగా ఉంటుంది, పనిచేస్తుంది.

చివరి పని చేతితో చేయాల్సింది. "సంతోషించువారితో సంతోషించుడి" అని రోమా 12:15. సంతోషం రమ్మంటే రాదు, పని మాత్రం చేయొచ్చు. కుళ్ళుకున్న మనిషి కోసం ఒక పని చేసిపెట్టండి, వాళ్ళు అడగకుండా. తోటికోడలు సెలవుకి వచ్చినప్పుడు నేను వెళ్ళి రెండు రోజులు వంటలో సాయం చేశాను. ఆ నల్ల రాయి మీదే కూరలు తరిగాను. అప్పుడు చెప్పింది, కువైట్లో మొదటి రెండేళ్ళు వంటింటి పక్క గదిలో పడుకుందట. చిన్నాడు ఫోన్లో అమ్మా అనడానికి సిగ్గుపడేవాడట. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆమె కష్టం విని "హమ్మయ్య, నేనే నయం" అనిపించింది నాకు. అది కూడా ఆ కుళ్ళే, చీర మార్చుకొచ్చింది. పట్టుకుని బయట పెట్టాల్సి వచ్చింది.

పోయిన ఏడాది వాళ్ళు పైన ఇంకో గది వేసి గృహప్రవేశం పెట్టుకున్నారు. గుమ్మానికి లేసు తోరణం నేనే అల్లి ఇస్తానన్నాను. తెల్ల దారం, ద్రాక్ష గుత్తుల డిజైను. 22 రోజులు పట్టింది. మొదటి వారం గొలుసులు తప్పుతూనే ఉన్నాయి, మూడుసార్లు విప్పి మళ్ళీ అల్లాను. తర్వాత కుదిరింది. అల్లుతుంటే చెవిటి మామ్మగారు "ఎవరికే అది?" అని గట్టిగా అడిగింది. నేనూ అంతే గట్టిగా, అరుగంతా వినపడేలా, "మా తోటికోడలికి!" అన్నాను.